పాత మారుతీ 800కి పెట్రోల్ లైను మార్పించాను: పాలకొల్లు కాలువ గట్టు షెడ్డు మీద నా రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తాను. పనికి అయిదుకి నాలుగున్నర ఇస్తాను, టైముకి మాత్రం రెండే. కారు సాయంత్రానికల్లా చేతికి రావాలనుకునేవాళ్లు ఇక్కడికి వెళ్లకండి. పెట్రోలు వాసన మళ్లీ రాకూడదు, ఖర్చు ఒక్కసారే కావాలి అనుకుంటే మాత్రం పాలకొల్లు చుట్టుపక్కల నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి చోటు లేదు.

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే రోడ్డులో, కాలువ పక్కనే రేకుల షెడ్డు. బోర్డు ఉంది కానీ దాని మీద పేరు ఎండకి వెలిసిపోయి ఏళ్లయింది, కొత్తగా రాయించే ఉద్దేశం కూడా షెడ్డు నడిపే మేస్త్రి గారికి ఉన్నట్టు లేదు. కాలువ గట్టు షెడ్డు అంటే ఆటోవాళ్లు కూడా చూపిస్తారు. మేస్త్రి గారు, ఒక కుర్రాడు, సీజన్‌ని బట్టి ఇంకో కుర్రాడు, అంతే స్టాఫ్.

నాది 2004 మోడల్ మారుతీ 800, ఏపీ 37 నంబరు, ఎంపీఎఫ్‌ఐ ఇంజన్, అంటే పాతకాలపు కార్బొరేటర్ బదులు పెట్రోలుని ప్రెషర్‌తో ఇంజన్లోకి చిమ్మే రకం. నాన్నగారు కొన్న బండి. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ ఐదేళ్లకి రెన్యువల్ చేయించాం, అదీ అయిపోయి మళ్లీ ఇంకోసారి చేయించాం. అమ్మేయొచ్చు కదా అని ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే కాలువలో పడకుండా పక్కకి తప్పుకోగలిగే కారు ఇంకోటి ఉంటే చెప్పండి, అప్పుడు ఆలోచిస్తాను. అయితే ఈ మోడల్ తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. క్లచ్ ప్లేట్లు, ఫిల్టర్లు, బ్రేక్ షూలు ఇప్పటికీ ఏ స్పేర్ పార్ట్స్ షాపులోనైనా దొరుకుతాయి గానీ కారు అడుగున ముందు నుంచి వెనక దాకా సాగే ఇనప పైపులు కావాలంటే షాపువాడు మన ముఖం వంక వింతగా చూస్తాడు.

వాసన ఎలా మొదలైందో చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇదే దశలో పట్టించుకోకుండా వదిలేస్తారు. రాజోలు వైపు వెళ్లి చించినాడ బ్రిడ్జి మీదుగా తిరిగొచ్చి ఇంటి ముందు ఆపగానే వెనక సీటు దగ్గర పెట్రోలు వాసన. కాసేపటికి పోయేది. పొద్దున్న చూస్తే కింద తడి ఉండదు. ఇదే మోసం. పెట్రోలు ఆరిపోతుంది, ఇంజన్ ఆయిల్‌లా నేల మీద మచ్చగా నిలవదు. పైగా ఎంపీఎఫ్‌ఐ బండిలో పంపు ట్యాంకులోనే ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ, ఆపాక కూడా కొంతసేపూ లైనులో ప్రెషర్ ఉంటుంది, అది తగ్గాక కారడం ఆగుతుంది. అంటే కారు ఆపిన వెంటనే కింద చూస్తేనే దొరుకుతుంది. ఏసీ నీళ్లు కారేది ముందువైపు, వాసన ఉండదు. వెనక చక్రాల దగ్గర తడి, చెయ్యి పెడితే చల్లగా తగిలి వెంటనే ఆరిపోతే అది పెట్రోలే, ఇంకో అనుమానం అక్కర్లేదు.

మొదట ఈ షెడ్డుకి వెళ్లలేదు. ఇంటికి దగ్గరని ఇంకోచోటికి తీసుకెళ్తే అక్కడతను కిందికి దూరి, తుప్పు పట్టిన చోట పైపు కోసేసి, మధ్యలో ఒక రబ్బరు ముక్క పెట్టి, రెండు స్క్రూ క్లిప్పులు బిగించి, పైన ఎంసీల్ పూసి మూడు వందలు తీసుకున్నాడు. పెట్టింది బైకులకి వేసే మామూలు పెట్రోల్ పైపు. కొన్ని వారాలు బాగానే ఉంది, తర్వాత వాసన ఈసారి ఇంకా ఘాటుగా వచ్చింది. ఒక పెద్ద సర్వీస్ సెంటర్లో అడిగితే ఆ పైపు స్టాకులో రాదండి, ఎక్స్‌చేంజ్ ఆఫర్ ఉంది చూడమంటారా అన్నారు. మా వీధిలో పెద్దాయన ఒకాయన బట్టల సబ్బు పట్టించమన్నారు. నవ్వకండి, అది నిజంగా పనిచేసే చిట్కానే. సబ్బు పెట్రోల్లో కరగదు కాబట్టి ట్యాంకుకి సూది బెజ్జం పడితే దాని మీద రుద్ది ఇంటిదాకా రావచ్చు, అంబాసిడర్ల కాలంలో డ్రైవర్లు డాష్‌బోర్డులో సబ్బు ముక్క ఉంచుకునేవారట. కానీ ట్యాంకు బయట ఉన్న చిల్లు వేరు, ప్రెషర్ ఉన్న లైను వేరు.

ఈ ప్రెషర్ సంగతే నాకు కాలువ గట్టు షెడ్డులో మొదట చెప్పింది. కార్బొరేటర్ బండిలో ఇంజన్ మీద ఉండే పంపు పెట్రోలుని మెల్లిగా లాక్కుంటుంది, అక్కడ ఒత్తిడి పావు బార్‌కి అటూ ఇటూగా ఉంటుంది. ఎంపీఎఫ్‌ఐలో అది రెండున్నర, మూడు బార్ దాకా వెళ్తుంది, అంటే ఆ కారు టైరులో మనం పెట్టించే గాలి కంటే ఎక్కువ. కార్బొరేటర్ బండిలో చుక్కలుగా కారే బెజ్జం ఇక్కడైతే సన్నటి తుంపరగా చిమ్ముతుంది. కింద సైలెన్సర్ వేడిగా ఉంటుంది. మేస్త్రి గారు ఆ రబ్బరు ముక్క చూపిస్తూ, "ఇది కార్బొరేటర్ బండికైతే ఏదో సరిపెట్టుకోవచ్చండి. మీ బండికి ఇది పెట్టినోడు మీకు అదృష్టం మీద నమ్మకం ఎక్కువనుకున్నట్టున్నాడండి" అన్నారు. ఆయన మాటతీరు అంతా ఇలాగే ఉంటుంది, గట్టిగా అరవరు గానీ గుచ్చుతారు.

నాకు మొదట నచ్చింది ఆయన కారుని షెడ్డులోకి రానివ్వకపోవడం. లోపల మంచి గొయ్యి ఉంది, దాంట్లోకి దిగి నిలబడి పనిచేసుకోవచ్చు. పెట్రోల్ లీకు బండిని మాత్రం దాని మీదికి ఎక్కించరు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, కిందికి దిగి గొయ్యిలో పేరుకుంటుంది, పైన ఎవడో స్పానరు జారవిడిచి నిప్పురవ్వ లేచినా చాలు. అందుకని కారుని బయట, వేపచెట్టు కింద, గాలి ఆడేచోట నిలబెట్టించారు. పక్కన టీ బండి ఉంది, దాని స్టవ్ ఎటువైపు ఉందో చూసి మరీ ఇంకో పది అడుగులు వెనక్కి జరిపించారు. వెల్డింగ్ పని ఏదైనా ఉంటే ఆ పూట ఆపేస్తారు. మంటలార్పే ఎర్ర సిలిండరు ఒకటి, పాత పెయింట్ డబ్బాలో ఇసుక, ఈ రెండూ కారు పక్కకి తెచ్చి పెట్టాకే కుర్రాడు కిందికి దూరాడు. నీళ్ల బక్కెట్ ఎందుకు పెట్టలేదని అడిగాను. పెట్రోలు నీటి మీద తేలుతుంది కదండీ, నీళ్లు పోస్తే మంట కూడా దాంతోపాటే పారుతుంది అన్నాడు ఆ కుర్రాడే. వాడికి ఇరవై కూడా ఉండవు. నేర్పించారంటే ఇలా నేర్పించాలి.

మర్నాడు పొద్దున్న, ఇంజన్ పూర్తిగా చల్లారాక పని మొదలుపెట్టారు. ముందు పెట్రోల్ పంపు రిలే పీకి ఇంజన్ స్టార్ట్ చేశారు. లైనులో మిగిలిన పెట్రోలు తాగి అదే ఆగిపోయింది, ఇంకో రెండుసార్లు సెల్ఫ్ కొట్టారు. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశారు. ఈ వరస ముఖ్యం, ఎందుకంటే ప్రెషర్ దించకుండా క్లిప్పు వదులు చేస్తే పెట్రోలు నేరుగా కంట్లో కొడుతుంది. కారుని జాకీ మీద వదిలేయకుండా స్టాండ్ల మీద కూర్చోబెట్టారు. వెళ్లేటప్పుడు ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉంచుకుని వెళ్లండి, ఈ బండి ట్యాంకు మొత్తం పట్టేదే ఇరవై ఎనిమిది లీటర్లు, అయినా నిండు ట్యాంకుని దించడం కుర్రాళ్లకి నరకం.

లీకు ఎక్కడో వెతకడంలో ఆయన పద్ధతి చూసి తీరాలి. అడుగంతా మట్టి, బురద, గ్రీజు పట్టి ఉంటుంది కదా. ఆ మురికిలో ఒకచోట మాత్రం కడిగేసినట్టు శుభ్రంగా ఉంటే, దాని అంచుల్లో ఎర్రటి మరక ఉంటే, అక్కడో దానికి కాస్త ముందో ఉంటుంది లీకు. నా బండిలో అలాంటి చోట్లు రెండు కనిపించాయి. ఒకటి ఆ రబ్బరు ముక్క. రెండోది ఎవరూ చూడనిది, వెనక యాక్సిల్ పైనుంచి పైపు వంపు తిరిగేచోట, బాడీకి పట్టి ఉంచే క్లిప్పు లోపల. స్క్రూడ్రైవర్ పిడితో ఆ పైపుని మెల్లిగా తట్టారు, అప్పడంలా పెళపెళా రాలింది. లోపల ఇనుము దాదాపు మిగల్లేదు.

తుప్పు ఎప్పుడూ ఇలా క్లిప్పు దగ్గరే ఎందుకు మొదలవుతుందంటే, బురద అక్కడ ఇరుక్కుని తడి ఆరదు. మన దగ్గర ఆ తడి ఉత్త నీరు కూడా కాదు. నరసాపురం, మొగల్తూరు వైపు సముద్రపు గాలి సరేసరి. భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల రోడ్ల మీద తిరిగేవాళ్లకి తెలుసు, ముందు వెళ్తున్న లారీలోంచి ఐసు నీళ్లు, ఉప్పు నీళ్లు కారుతూనే ఉంటాయి, మన కారు వాటి మీదుగానే పోతుంది. దానికి తోడు 2022 జూలై వరదల్లో మా అత్తగారి ఊళ్లో, అది లంక గ్రామం, ఈ కారు చక్రాల్లోతు నీళ్లలో నిలబడింది. నీళ్లు తీశాక ఇంజను, సీట్లు చూసుకున్నాం, అడుగున పేరుకున్న ఒండ్రు సంగతి ఎవరికి గుర్తుంటుంది? మేస్త్రి గారు ఆ క్లిప్పు ఊడదీసి లోపలున్న మట్టి గట్టి పెళ్ల తీసి నా చేతిలో పెట్టారు. "గోదారమ్మ ప్రసాదం, దాచుకోండి" అన్నారు.

ఇంకో అలవాటు మీద కూడా అక్షింతలు పడ్డాయి. వాటర్ సర్వీసింగ్ తర్వాత తుప్పు పట్టకుండా అడుగున పాత ఆయిల్ కొడతారు చూడండి, నేనూ ఎప్పుడూ కొట్టిస్తాను. ఇనుము మాట ఎలా ఉన్నా ఆ ఆయిల్‌కి రబ్బరు బుష్షులు ఉబ్బి మెత్తబడిపోతాయి, పైగా దుమ్మంతా దానికే అంటుకుని ముద్ద కడుతుంది, లీకు కనపడదు. నీళ్లతో కడిగి గాలి కొట్టించి ఎండలో పెట్టండి చాలు అన్నారు.

ఇక అసలు ప్రశ్న, ఏం చేద్దాం అని. ఇక్కడే ఈ షెడ్డుకి నేను ఎక్కువ మార్కులు వేసింది. తుప్పు ముక్క కోసి రబ్బరుతో అతికే పని అయితే నేను చెయ్యను, ఇంకెక్కడికైనా తీసుకెళ్లండి అని మొహం మీదే చెప్పారు. ఒకచోట ఇలా అయిపోయిన పైపు మిగతా చోట్ల బాగుంటుందని ఎవడు చెప్పాడు, ఇవాళ ఇక్కడ అతికితే ఆర్నెల్లకి అడుగున్నర ముందు పోతుంది అన్నది ఆయన వాదన. నేను ఏసీ వాళ్లు వాడే రాగి పైపు వేస్తే తుప్పు సమస్యే ఉండదు కదా అన్నాను, యూట్యూబులో ఎవరో వేయడం చూశాను. రాగి వంచడానికి హాయిగా ఉంటుంది గానీ బండి అదురుకి గట్టిపడిపోయి సన్నగా పగులుతుంది అన్నారు. తర్వాత చదివితే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. విదేశాల్లో దీనికి రాగి, నికెల్ కలిపిన పైపు వాడతారు, అది తుప్పూ పట్టదు, పగలదు. మన దగ్గర చిన్న ఊళ్లలో దొరకదు. మిగిలింది బండీ (Bundy) పైపు, బ్రేక్ లైన్లకి వాడే రెండు పొరల స్టీలు గొట్టం. అదే వేద్దామన్నారు. ఇంజన్‌కి పెట్రోలు వెళ్లే లైను, మిగిలింది ట్యాంకుకి తిరిగొచ్చే లైను రెండూ, ట్యాంకు దగ్గర నుంచి ఇంజన్ దాకా కొత్తవి. ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని తీసుకెళ్లే లైను స్టీలు ఇంకా గట్టిగా ఉందని దాని జోలికి పోలేదు, రబ్బరు చివరలు మాత్రం మార్చారు. అక్కర్లేనిది కూడా మార్చేసి బిల్లు పెంచే రకం కాదు.

పైపు తెప్పించడానికే టైమంతా తినేసింది. రాజమండ్రి నుంచి వస్తుందన్నారు, తర్వాత అక్కడ ఆ సైజు లేదన్నారు, తర్వాత ముహూర్తాలని కుర్రాడు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తితే "ఆయ్, రేపు పొద్దున్నేనండి" అంటారు. ఈ రేపు పొద్దున్న అన్నది గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి కొత్త కాదు, కానీ కారు లేక వారం దాటి ఆటోల్లో తిరిగినవాడిగా రెండు మార్కులకి మించి వేయలేను. ముందే వారం పడుతుందని చెబితే ఎవరూ బాధపడరు. అది చెప్పరు.

వచ్చాక పని మాత్రం చూడముచ్చటగా చేశారు. పాత లైను ముక్కలైపోకుండా జాగ్రత్తగా ఊడదీసి, సిమెంటు గచ్చు మీద పరిచి, దాని పక్కనే కొత్త పైపు పెట్టి ఒక్కో వంపూ కొలత చూసుకుంటూ చేత్తోనూ, పెద్ద సాకెట్ చుట్టూ తిప్పీ వంచారు. ఒక్కచోట కూడా నొక్కుకుపోలేదు. హోసు, అంటే వంగే రబ్బరు పైపు, తొడిగే చివర్లలో స్టీలు పైపుకి చిన్న ఉబ్బు తీశారు, దానికి వేరే టూలు ఉంది. ఆ ఉబ్బు దాటాక క్లిప్పు బిగిస్తే హోసు జారిపోదు. మొదటి మెకానిక్ పైపు కోసిన చోట ఆ ఉబ్బే లేదు, నున్నటి గొట్టం మీద క్లిప్పు ఎంత బిగించినా ప్రెషర్‌కి మెల్లగా జారుతుంది, ఆ రబ్బరు ముక్క దగ్గర మళ్లీ లీకు రావడానికి కారణం అదే. వంచిన పైపుకి ప్రైమర్, నల్ల రంగు రెండు పూతలు. బాడీ క్లిప్పు పడే ప్రతిచోటా పాత ట్యూబు ముక్క కాకుండా పెట్రోలుకి తట్టుకునే హోసునే నిలువునా చీల్చి తొడుగులా వేశారు, ఇనుముకి ఇనుము రాసుకోకుండా.

హోసు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీరు ఏ మెకానిక్ దగ్గరికి వెళ్లినా దీన్ని మీరే చూసుకోవచ్చు. పెట్రోల్ పైపు ఇవ్వండి అంటే షాపులో చుట్టలోంచి మీటరు లెక్కన కోసి ఇచ్చేది చాలావరకు తక్కువ ప్రెషర్‌ది. హోసు మీద అచ్చు చదవండి. ఎస్ఏఈ జే30 ఆర్6 (SAE J30 R6) లేదా ఆర్7 అని ఉంటే కార్బొరేటర్ బండికి చాలు. ఎంపీఎఫ్‌ఐకి ఆర్9 ఉండాలి, అది ఎక్కువ ప్రెషర్ కోసం తయారైంది, లోపలి పొర కూడా వేరే రకం రబ్బరు. అచ్చే లేని హోసు ఎంత నల్లగా నిగనిగలాడినా వద్దు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు అసలే వద్దు, కొన్నాళ్లకి పసుపు రంగుకి తిరిగి కర్రలా బిగుసుకుపోతుంది. ట్యాంకు లోపల, పెట్రోల్లో మునిగి ఉండే ముక్క కోసం ఆర్10 అని ఇంకోటి ఉంది. బయట వేసేది లోపల వేస్తే బయటి పొర పెట్రోల్లో నానుతుంది, అది దానికోసం చేసింది కాదు. ఇవన్నీ మేస్త్రి గారు నంబర్లతో చెప్పలేదు, ఆయన "ఇంజక్షన్ హోసు" అంటారు, అచ్చు నేనే చదివి చూసుకున్నాను, ఆర్9 అనే ఉంది.

క్లిప్పులు కూడా మామూలు స్క్రూ క్లిప్పులు వేయలేదు. ఆ పట్టీకి చీలికలు ఉంటాయి కదా, గట్టిగా బిగిస్తే రబ్బరు ఆ చీలికల్లోకి ఉబికి తెగుతుంది. అంచులు పైకి మడిచి, లోపల నున్నగా ఉండే పట్టీ క్లిప్పులు వేశారు. రేటు ఎక్కువే, ఒక్కో క్లిప్పుకి దాదాపు మూడింతలు. వాటిని కూడా ఇష్టమొచ్చినట్టు తిప్పనివ్వలేదు, కుర్రాడు ఇంకో చుట్టు వేయబోతే చేతి మీద ఒకటి వేశారు.

ఈ20 గురించి అడక్కుండా ఉండలేకపోయాను. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. 2022లో పది శాతం కలిపే లక్ష్యం పూర్తయింది, ఇరవై శాతం 2030కి అనుకున్నదాన్ని 2025కి ముందుకు జరిపారు. మన చెరకు, మన నూకలే పోయి ట్యాంకులో పడుతున్నాయి, రైతుకి మంచిదే అనుకుందాం. కానీ 2023కి ముందు బండ్లు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, 2004 బండి సంగతి చెప్పక్కర్లేదు. ఇథనాల్ పాతకాలపు రబ్బరుని ఉబ్బించి, ఆరాక బీటలు వారేలా చేస్తుంది. గాల్లో తేమని కూడా పీల్చుకుంటుంది, కారు నెలల తరబడి కదలకుండా పడి ఉంటే ఆ నీరు విడిపోయి ట్యాంకు అడుగుకి చేరుతుంది, కోనసీమ గాలిలో తేమకి కొరతా? ట్యాంకు గోడలకి పట్టిన పాత మురికిని కూడా వదిలించి ఫిల్టరుకి పంపిస్తుంది. ఈ పెట్రోలు వచ్చాక హోసులు పోయిన బండ్లు తన దగ్గరికి ఎక్కువ వస్తున్నాయని మేస్త్రి గారు అంటారు. ఆయన దగ్గరికి వచ్చేవన్నీ పాత బండ్లే కాబట్టి వయసు వల్ల పోయినవెన్ని, ఇథనాల్ వల్ల పోయినవెన్ని అని విడదీయడం కష్టమని నా అభిప్రాయం. రెండూ కలిశాయి అనుకోవడమే సబబు. ఎలాగూ లైను విప్పాం కాబట్టి ఫిల్టరు కూడా మార్చేశాం. పాతది తలకిందులు చేసి తెల్ల గుడ్డ మీద కొడితే కాఫీ పొడి రంగులో తుప్పు రాలింది.

అంతా బిగించాక వెంటనే స్టార్ట్ చేయలేదు. తాళం ఆన్ చేయడం, పంపు రెండు సెకన్లు తిరిగి ఆగడం, ఆఫ్ చేయడం, ఇలా కొన్నిసార్లు. అలా లైను నిండి ప్రెషర్ ఎక్కాక ప్రతి జాయింటు చుట్టూ ఎండు కాగితం తిప్పి చూశారు, చిన్న చెమ్మ ఉన్నా కాగితం చెప్పేస్తుంది. తర్వాత స్టార్ట్ చేసి మళ్లీ. తర్వాత నన్ను నరసాపురం రోడ్డులో తిప్పి రమ్మని, వేడి మీద మళ్లీ. వాసన లేదు. రెండు మూడు వారాలు తిరిగాక ఒకసారి వచ్చి క్లిప్పులు చూపించుకోమన్నారు, కొత్త రబ్బరు కాస్త అణుగుతుంది కాబట్టి. వెళ్లాను, ఒక్క క్లిప్పుని ఏదో పావు తిప్పు తిప్పి, డబ్బులు ఇవ్వబోతే వద్దన్నారు.

డబ్బుల లెక్క. రెండు లైన్లకి పైపు 1,300, హోసులు 900, క్లిప్పులు 300, ఫిల్టరు 650, కూలి 2,500. మొత్తం 5,650. ఇంత పాత కారుకి అంత పెట్టాలా అని ఇంట్లో చర్చ జరిగింది. పెట్రోలు కారుతున్న కారులో పిల్లల్ని ఎక్కించుకుని తిరగడం గురించి మాట్లాడాక చర్చ ముగిసింది. మూడు వందల పనితో పోలిస్తే ఎక్కువే, కానీ ఆ మూడు వందల పని విప్పి పారేయడానికి కూడా ఇక్కడ కూలి పడింది. పాత పైపులు, పాత హోసులు అన్నీ సంచిలో కట్టి ఇచ్చారు, మార్చామని చెప్పి మార్చకపోయే చోట్లు కూడా చూసినవాడిని కాబట్టి ఇది నాకు పెద్ద విషయమే. ట్యాంకులోంచి దించిన పెట్రోలు కూడా వడగట్టి తిరిగి పోశారు.

బాగోలేనివి కూడా రాయాలి కదా. బిల్లు ఇవ్వరు, అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిస్తారు, ఇది నిజంగా చెప్తున్నాను. కార్డు లేదు, ఫోన్‌లో కొట్టొచ్చు. సీట్ల మీద కవరు వేయరు, నా డ్రైవర్ సీటు మీద గ్రీజు చేతి ముద్ర ఇంకా పోలేదు. కూర్చోవడానికి ఒక్క విరిగిన బెంచీ. ఆడవాళ్లు బండి తెచ్చుకుని కూర్చుని చేయించుకునే పరిస్థితి అక్కడ లేదు, అది మార్చుకుంటే బాగుంటుంది. స్టీరింగ్, సస్పెన్షన్ పనులు కూడా చేస్తారు గానీ వాటి గురించి నాకు అనుభవం లేదు. కొత్త డీజిల్ బండ్ల లైను లీకులు ముట్టుకోరు, వాటిలో ప్రెషర్ వెయ్యి బార్ దాటి ఉంటుంది, చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, దానికి వేరే మనుషులున్నారు అని పంపించేస్తారు. తనకి రాని పని రాదని చెప్పే మెకానిక్ అంటే నాకు గౌరవం.

పాత 800, ఓమ్నీ, జెన్, ఎస్టీమ్ ఉన్నవాళ్లు నిశ్చింతగా వెళ్లండి. పొద్దున్న తొమ్మిదిలోపు వెళ్తే మేస్త్రి గారే చూస్తారు, మధ్యాహ్నం భోజనానికి వెళ్తే ఎండ తగ్గేదాకా రారు, ఆదివారం సెలవు. వెళ్లేముందు పైపు, హోసు ఉన్నాయో లేవో అడిగి, లేకపోతే తెప్పించాకే కారు ఇవ్వండి, నాలా ఆటోల్లో తిరగక్కర్లేదు. నా బండికి పెట్రోలు పోసే మూతి దగ్గర నుంచి ట్యాంకులోకి వెళ్లే లావు హోసు మాత్రం ఇంకా పాతదే, ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజు అక్కడ కాస్త వాసన వస్తోంది. ఆ సైజు దొరకగానే కబురు చేస్తానన్నారు. అప్పటిదాకా సగం ట్యాంకు మించి కొట్టించొద్దన్నారు, అలాగే తిప్పుతున్నాను.